వియత్నాం తిరగాలంటే స్లీపర్ బస్సా, రైలా?

హనోయ్ నుంచి హో చి మిన్ సిటీకి రైలు దారి 1,726 కిలోమీటర్లు. ఏకబిగిన వెళ్తే 30 గంటలు దాటుతుంది కాబట్టి మధ్యలో దిగుతూ ముక్కలుగా వెళ్ళడమే మేలు.

డబ్బే ముఖ్యమైతే బస్సు, సాధారణంగా అదే చౌక. ఎక్కేటప్పుడే చెప్పులు విప్పి వాళ్ళిచ్చే కవర్లో వేసుకోవాలి. చాలా బస్సుల్లో మూడు వరుసలు, రెండు అంతస్తులు, పూర్తిగా వాలని సీట్లు, కాళ్ళేమో ముందు సీటు కింద ఉన్న డబ్బాలాంటి దాంట్లోకి దూర్చాలి, పొడుగువాళ్ళకి రాత్రంతా నరకమే. పైగా తెల్లారకముందే ఊళ్ళో దింపేస్తే హాస్టల్ చెకిన్ దాకా పడిగాపులు.

రైల్లో హార్డ్ స్లీపర్‌కి గదిలో ఆరు బెర్తులు, సాఫ్ట్ స్లీపర్‌కి నాలుగు. హార్డ్ స్లీపర్లో అన్నిటికన్నా పై బెర్తు చౌక, కాకపోతే లేచి కూర్చోలేం. నడుం వాల్చి నిద్రపోవచ్చు, నాకు అది చాలు.

హ్యూ నుంచి డానాంగ్ మాత్రం పగటి రైలే ఎక్కండి, ఎడమవైపు కిటికీ పట్టండి: హై వాన్ కొండ అంచున, కింద సముద్రం కనిపిస్తూ వెళ్తుంది. బస్సులు చాలావరకు 2005లో తెరిచిన ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలోంచి పోతాయి, ఏమీ కనపడదు.

హా జియాంగ్‌కి రైలు లేదు, బస్సే గతి. హోయ్ అన్‌కీ లేదు గానీ డానాంగ్‌లో దిగితే 30 కిలోమీటర్లే. శాకాహారులైతే ఇన్‌స్టంట్ నూడుల్స్ దగ్గర పెట్టుకోండి, రైల్లో వేడినీళ్ళు దొరుకుతాయి.