మలేరియా మందు: దుకాణంలో చవకగానా, ఆరోగ్య కార్యకర్త చేత ఉచితంగానా?

కెన్యా ఈ రెండు దారులూ చూసింది.

దుకాణం: 2010లో మొదలైన సబ్సిడీతో ఆకుపచ్చ ఆకు గుర్తున్న మలేరియా మందు ఆర్టిమెథర్-లుమెఫాంట్రిన్ పెద్దల కోర్సుకు అప్పట్లో పెట్టిన ధర 40 షిల్లింగులు. క్లినిక్ దాకా నడక తప్పుతుంది. చిక్కల్లా పరీక్ష లేకపోవడమే: ప్రతి జ్వరమూ మలేరియా అయిపోతుంది, పిల్లల న్యుమోనియా దాగిపోతుంది.

కార్యకర్త: మందు ఉచితం. వేలి నుంచి చుక్క రక్తం, 15–20 నిమిషాల్లో ఫలితం. పరీక్ష కిట్లు, శిక్షణ, పర్యవేక్షణ ఖర్చు మోయాలి. సరుకు నిండుకుంటే రోగి మళ్లీ దుకాణానికే. మందు వాడాక కొన్ని వారాలపాటు హెచ్ఆర్‌పీ2 (మలేరియా క్రిమి ప్రోటీన్) పట్టే కిట్ పాజిటివ్ చూపొచ్చు. దాన్ని నమ్మి మళ్లీ మందివ్వకూడదు.

ఎవరిచ్చినా పెద్దలకు 24 మాత్రలు: పూటకు 4, రోజుకు రెండుసార్లు, 3 రోజులు, కొవ్వున్న తిండితో, రెండో మోతాదు 8 గంటలకే. జ్వరం తగ్గిందని ఆపితే తిరగబెట్టొచ్చు.

క్లినిక్ దూరమై మలేరియా ఎక్కువున్న ఊళ్లకు దుకాణమే దిక్కు, కిట్‌కూ సబ్సిడీ ఇవ్వాలి. మలేరియా తగ్గిన చోట కార్యకర్తే సరైన దారి.