చీకట్లో నాకు చూపించింది, నన్నూ చూపించింది: నైట్ విజన్‌తో రెండున్నరేళ్లు

ముందు ఆ ఎర్ర చుక్క సంగతి చెప్పాలి. మిగతా అన్నిటికీ సర్దుకున్నాను గానీ దాని మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఈ డిజిటల్ నైట్ విజన్ దుర్భిణి ముందు భాగంలో ఇన్‌ఫ్రారెడ్ (మామూలు కంటికి దాదాపు కనపడని వెలుతురు) దీపం ఒకటి ఉంటుంది, దాన్ని వెలిగిస్తే వెనక నుంచి పట్టుకున్న మనకు ఏమీ తెలియదు, ఎదుటివాడికి మాత్రం ఎర్రగా కనిపిస్తుంది. పెద్ద వెలుగేం కాదు, ఆరిపోబోయే నిప్పుకణిక అంత. కానీ కరెంటు లేని ఊళ్లో, మబ్బు పట్టిన రాత్రి, ఆ మాత్రం చాలు. నేను కొన్న డబ్బా మీద ఈ ముక్క ఎక్కడా లేదు.

2023 ఆగస్టులో కొన్నాను, పద్నాలుగు వేలు పడింది. ఎందుకు కొన్నానో భూపాలపల్లి, ములుగు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ జులై 27న మోరంచపల్లి ఎట్లా మునిగిందో అందరూ చూశారు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది అప్పుడే. మా ఊరు కూడా వాగు ఒడ్డునే ఉంటుంది. ఆ రాత్రి మిద్దె మీద నిలబడి టార్చి వేస్తే వాన ధారలు తప్ప ఏమీ కనపడలేదు, కొట్టంలో బర్రెలు అరుస్తున్నాయి, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో తెలియదు. నీళ్లు తీసిపోయాక ఇంకో భయం మొదలైంది. సగం ఇళ్లకు తాళాలు, చుట్టాల ఇళ్లకు పోయినవాళ్లు ఇంకా రాలేదు, మోటర్లు, కేబుళ్లు, గ్యాస్ సిలిండర్లు ఎక్కడివక్కడే. అందుకని నాకు రెండూ కావాల్సి వచ్చాయి: చీకట్లో చూడాలి, చూస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు.

మొదటి నెలలో మా చుట్టుపక్కల వాళ్లందరికీ దీని గురించి తెగ చెప్పాను. మక్క చేను గట్టు మీద అడవి పందులు దిగడం, వాటి కళ్లు తెల్లటి గోళీల్లా మెరవడం, కుందేలు కూర్చున్న చోటు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. బ్యాటరీ రాత్రంతా వస్తుందని కూడా చెప్పాను. అది వెన్నెల రాత్రుల మాట, అప్పుడు దీపం వేయాల్సిన పనే రాలేదు.

ఇక 2024 సెప్టెంబరు మొదటి వారం. మళ్లీ పట్టు వాన. పల్లంలో ఉన్న ఇళ్ల వాళ్లను బడికి పొమ్మన్నారు. అవ్వను, పిల్లలను, మా ఇంటామెను బడికి పంపించి, బర్రెల కోసం నేను, మా బామ్మర్ది మిద్దె మీద ఉండిపోయాం. సాయంత్రం నుంచే కరెంటు లేదు, రాత్రికి సెల్ టవర్ కూడా పోయింది. రెండు గంటలప్పుడు వాన ఆగింది. కుక్కలు ఒక్కసారిగా మొరిగి, అంతే ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను లేచి దుర్భిణి తీసి వీధి వైపు చూశాను. మబ్బు చీకటి, దీపం లేకుండా దుర్భిణి లోపలి తెర మీద చీమల్లాంటి చుక్కలే. దీపం ఆన్ చేశాను. ఎనభై మీటర్ల అవతల, వీధి మలుపు దగ్గర, ఇద్దరు మనుషులు. ఒకడి భుజం మీద గోనె సంచి. తాళం వేసిన ఇంటి ముందు ఆగుతున్నారు, వెనక్కి చూస్తున్నారు, ఇంకో ఇంటికి పోతున్నారు.

గుండె దడదడ కొట్టుకుంటోంది గానీ ధైర్యంగానే ఉన్నాను, ఎందుకంటే నేను వాళ్లను చూస్తున్నాను, వాళ్లకు నేను కనపడను అని నా నమ్మకం. వాళ్లు ఇద్దరేనా, వెనక ఏదైనా ట్రాలీ ఆటోలో ఇంకెవరైనా ఉన్నారా తెలిసేదాకా కదలొద్దని బామ్మర్ది చేయి పట్టుకుని ఆపాను. రికార్డింగ్ బటన్ కూడా నొక్కాను. అప్పుడే సంచి వాడు తల ఎత్తి సరిగ్గా మా మిద్దె వైపు చూశాడు. గాలి మా వైపే ఉంది, మాట వినపడింది: "మిద్దె మీద ఎవడో బీడీ తాగుతాండురా."

బీడీ! మా ఇద్దరిలో ఎవరికీ ఆ అలవాటే లేదు. అప్పుడు మా బామ్మర్ది నా చెవిలో అన్నాడు: "బావా, నీ చేతిల ఎర్రగ మెరుస్తాంది. బందు చెయ్." వాడు నా పక్కన గోడ మీదికి వంగి ముందు వైపు నుంచి చూశాడు కాబట్టి తెలిసింది. నేను ఏడాదిగా వాడుతున్నా దాని ముందుకు పోయి ఎప్పుడూ చూసుకోలేదు. ఆఫ్ చేసేలోపే వాళ్ల టార్చి నేరుగా నా మీద పడింది, లోపలి తెర మొత్తం తెల్లబడిపోయి ఆ కన్ను కాసేపు పనికిరాలేదు. ఒక రాయి వచ్చి మా నీళ్ల ట్యాంకుకు తగిలింది, ఇంకోటి బామ్మర్ది చెవి పక్క నుంచి పోయింది. ఇద్దరం గట్టిగా కేకలు వేశాం, బడి దగ్గరి నుంచి కూడా మనుషులు అరిచారు, వాళ్లు కట్ట వైపు పారిపోయారు. తెల్లారి చూస్తే మా పక్కింటి తాళం పగిలి ఉంది, సిలిండరు లేదు. ఆ రాయి బామ్మర్దికి తగిలి ఉంటే మా ఇంటామెకు నేనేం చెప్పేవాణ్నో ఇప్పటికీ తలుచుకుంటే చెమట పడుతుంది.

కథ అక్కడితో అయిపోలేదు. పోలీసులు వచ్చి అడిగితే నేను చూసింది చూసినట్టు చెప్పాను: ఇద్దరూ తెల్ల అంగీలు వేసుకున్నారు అని. వీడియో కూడా చూపించాను, అందులోనూ తెల్లగానే ఉన్నాయి. రెండు రోజుల తర్వాత తెలిసింది, ఆ రాత్రి రోడ్డు మీద ట్రాలీ ఆటోను ఆపిన పాలవాడు ఆ ఇద్దరినీ దగ్గరి నుంచి చూశాడట, ఇద్దరివీ నల్ల అంగీలు. ఎవరిది తప్పు అని నాకు రాత్రి నిద్ర పట్టలేదు. చివరికి మా పెద్దోడి నల్ల టీషర్టు దండెం మీద వేసి చీకట్లో దుర్భిణితో చూశాను. తెల్లగా ఉంది! దాని పక్కనే నా పాత నల్ల ప్యాంటు మాత్రం నల్లగానే ఉంది. చాలా రంగులు మన కంటి వెలుతురును మింగేస్తాయి గానీ ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పికొడతాయి, అందుకే నల్ల బట్ట కూడా తెర మీద తెల్లగా రావచ్చు. పచ్చటి ఆకులు కూడా ఇట్లాగే మంచు కురిసినట్టు తెల్లగా కనిపిస్తాయి, వాగు నీళ్లు మాత్రం కటిక నల్లగా ఉంటాయి. కాబట్టి దీంట్లో చూసి బట్టల రంగు ఎవరికీ చెప్పకండి, సాక్ష్యంగా అసలే చెప్పకండి. అంత దూరంలో మొహాలు ఎట్లాగూ గుర్తుపట్టలేం. ఇదే మాట తిప్పి చూస్తే, నల్ల దుస్తులు వేసుకున్నాం కదా కనపడం అనుకునేవాళ్లకు కూడా వర్తిస్తుంది. ఎదుటివాడి దగ్గర ఇట్లాంటిదే ఉంటే మీ నల్ల జర్కిన్ దీపస్తంభమే.

ఎర్ర చుక్క ఎందుకు వస్తుందో తర్వాత తెలుసుకున్నాను. ఈ దీపాలు వెలుతురు తరంగం పొడవును బట్టి ఎక్కువగా రెండు రకాలు, 850 నానోమీటర్లది, 940 నానోమీటర్లది. 850 దూరం కొడుతుంది కానీ చీకటికి అలవాటుపడ్డ కంటికి ఎర్రగా తెలుస్తుంది. 940 మన కంటికి దాదాపు కనపడదు, కానీ దుర్భిణి లోపల కెమెరా పని చేసే సెన్సర్‌కు కూడా అది తక్కువే కనిపిస్తుంది, దూరం బాగా తగ్గిపోతుంది. నాదాంట్లో ఉన్నది 850. ఇప్పుడు దాన్ని ఆఫ్‌లోనే ఉంచి, విడిగా 940 టార్చి ఒకటి కొని వాడుతున్నాను. మునుపు ఎనభై మీటర్లు కనిపించిన చోట ఇప్పుడు ముప్పై, ముప్పై ఐదు. అయినా నాకు అదే నయం. అది కూడా పూర్తిగా దాగదు, సెల్‌ఫోన్ కెమెరా పెట్టి చూస్తే చాలా ఫోన్లలో తెల్లగానో ఊదాగానో మెరుస్తుంది. టీవీ రిమోటు బటన్ నొక్కి ఫోను ముందు కెమెరాలో చూడండి, మీకే తెలుస్తుంది.

దీపం ఒక్కటే కాదు, వెనక నుంచి కూడా దొరికిపోతాం. కన్ను పెట్టే చోట లోపలి తెర వెలుగు చెంప మీద పడుతుంది. ఆ రబ్బరు మూతిని కంటికి గట్టిగా అదిమి పెట్టుకుని, తల మీంచి తువ్వాల కప్పుకుంటే గానీ ఆగదు. కన్ను తీసేముందు తెర ఆపేయాలి. ఒక కన్ను దుర్భిణికి, ఇంకో కన్ను చీకటికి అని నేను విడదీసుకున్నాను, ఎందుకంటే చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి కంటికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, తెర ఒక్కసారి చూస్తే అదంతా పోతుంది. మిద్దె మీద నిలబడితే ఆకాశం ముందు మనిషి ఆకారం దూరం నుంచే తెలుస్తుంది, అందుకే ఇప్పుడు ట్యాంకు నీడలో కూర్చుంటున్నాను. నిజం చెప్పాలంటే కనపడకుండా ఉండటంలో ఈ కూర్చునే చోటే ఎక్కువ పనిచేసింది, దానికి పైసా ఖర్చు లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను, తిట్టుకున్నా సరే. దీన్ని కంటికి పెట్టుకుని లైటు లేకుండా చేలల్లో నడవకండి. మా వైపు అడవి పందుల కోసం కరెంటు తీగలు పెడతారు, అది నేరమని తెలిసినా పెడతారు, వాటికి తగిలి మనుషులు చచ్చిపోయారు. ఆ సన్నటి బైండింగ్ వైరు ఈ తెర మీద కనపడదు. ఒంటి కన్నుతో చూస్తాం కాబట్టి గుంట ఎంత లోతో, గట్టు ఎంత ఎత్తో కూడా అంచనా దొరకదు. ఒకసారి ఒర్రె దాటుతూ నేను మోకాలు చీల్చుకున్నాను. దాక్కోవాలంటే కూర్చోవాలి, నడవాలంటే టార్చి వేయాలి. వరద పెరుగుతున్నప్పుడైతే అసలు దాక్కునే మాటే వద్దు, పడవ వాళ్లకూ హెలికాప్టర్ వాళ్లకూ మనం కనపడాలి. మా సంచిలో ఈ దుర్భిణి కంటే పైన ఈల, ఎర్ర బట్ట, టార్చి పెట్టాను. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి వైపు దీన్ని తీసుకుపోవడం కూడా మంచిది కాదు, వేటకు వచ్చారని అనుమానపడితే ఫారెస్టు వాళ్లను తప్పు పట్టలేం.

ఇంత తిట్టాక ఒక మంచి మాట కూడా చెప్పాలి, అది నేను అసలు ఊహించలేదు. వానలో ఇన్‌ఫ్రారెడ్ దీపం టార్చి లాగే పనికిరాదు, చినుకుల మీద పడి వెనక్కి వచ్చి తెర అంతా తెల్ల పరదా అవుతుంది. దీపాన్ని దుర్భిణికి దూరంగా, ట్యాంకు అవతలి గోడ మీద పెడితే కొంత నయం. కానీ ఒకరోజు మా ట్రాక్టరు వెనకాల అంటించిన రేడియం స్టిక్కరు మీద ఆ 940 టార్చి పడి, ముప్పై మీటర్ల లెక్క దాటి ఎంతో దూరంలో దివిటీలా వెలిగింది. రేడియం పట్టీ వచ్చిన వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, దానికి ఈ కొద్దిపాటి వెలుగే చాలు. వెంటనే రెండు ఇనుప పైపులకు జానెడు ఎడంతో తెల్ల రేడియం పట్టీలు చుట్టి, ఒకటి వాగు ఒడ్డున, ఇంకోటి మా వీధి మొదట్లో పాతాను. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వానకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగిన రాత్రి, మా దగ్గరా దంచికొట్టింది. నేను మిద్దె మీద, ట్యాంకు పక్క రేకు కింద కూర్చుని పది నిమిషాలకోసారి పట్టీలు లెక్కపెట్టాను. వాగు దగ్గరి పైపుకు తొమ్మిది పట్టీలు, పదకొండింటికి ఏడు కనిపించాయి, ఒంటిగంటకు ఐదు. నాలుగుకు వస్తే అందరం బడికి పోవాలని ముందే అనుకున్నాం. రెండింటికి మళ్లీ ఆరు. పట్టీ వెలుతురును వచ్చిన దారినే పంపుతుంది, దీపం నేను చూసే చోటే ఉండాలి కాబట్టి దుర్భిణికి ఆనించే పట్టుకున్నాను, చినుకులు తెల్లగా అడ్డం వచ్చినా పట్టీలు వాటిని చీల్చుకుని కనిపించాయి. అవ్వ కింది నుంచి "ఎన్నున్నయి బిడ్డా?" అని అడుగుతూనే ఉంది, నేను చెప్తూనే ఉన్నాను. 2023లో ఆ రాత్రి మాకు లేనిది ఇదే. ఆ ఒక్క రాత్రికి పద్నాలుగు వేలు నాకు దక్కాయి.

బ్యాటరీ మాత్రం పోయింది. రెండు ఎండాకాలాలు రేకుల గదిలో బీరువా మీద పెట్టాను, అది నా వల్లే అయ్యుంటుంది. కొత్తలో దీపం లేకుండా ఐదు గంటలు వచ్చేది, ఇప్పుడు గంటంపావు. లోపలే అతికించిన బ్యాటరీ కావడంతో మార్చడానికి లేదు, పవర్ బ్యాంకు వైరు తగిలించి వాడుతున్నాను. బ్యాటరీ తీసి మార్చుకునేది దొరికితే అదే తీసుకోండి.

2025 మేలో దేశమంతా మాక్ డ్రిల్ (యుద్ధం వస్తే ఎట్లా ఉండాలో సాధన) అన్నప్పుడు ముగ్గురు నలుగురు ఫోన్ చేసి కొనమంటావా అని అడిగారు. టౌనులో అపార్టుమెంటులో ఉండేవాళ్లకు వద్దనే చెప్పాను, మంచి టార్చి, పవర్ బ్యాంకు, రేడియో చాలు. థర్మల్ రకం గురించి అడిగితే, అది ఒంటి వేడినే చూస్తుంది, దానికి దీపమే అక్కర్లేదు, ఎర్ర చుక్క బాధ ఉండదు, కానీ దాని ధర నా చేతికి అందేది కాదు. వాగు పక్కన ఇల్లు, బర్రెలు, పక్కన నమ్మకమైన బామ్మర్ది ఉన్న నాలాంటివాడికి ఇది పనికొచ్చింది, అదీ 940 టార్చి, రేడియం పైపులు తోడైన తర్వాతే. ఉత్త దుర్భిణి ఒక్కటే అయితే మొదటి నెల చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను.

మొంథా నీళ్లకు వాగు పైపు మీది కింది పట్టీలు రెండు ఊడిపోయాయి. మిరుగు కంటే ముందే పరకాలకు పోయి కొత్తవి తెచ్చి, ఈసారి పైన ఇంకో మూడు కలిపి చుట్టాలి.