అందలూసియాలో తొమ్మిది రాత్రులు

స్పెయిన్ అనగానే మాడ్రిడ్, బార్సిలోనా పేర్లే ముందుగా వినిపిస్తాయి గనుక, ఆ రెండింటినీ పక్కనబెట్టి దక్షిణాన ఉన్న అందలూసియాకే సెలవంతా కేటాయిద్దామని నేనన్నప్పుడు ఇంట్లో ఎవరూ వెంటనే ఒప్పుకోలేదు. చివరకు నేను, నా భార్య, మోకాళ్ల నొప్పులున్న ఆమె అన్నగారు ఫిబ్రవరి చివరి వారంలో బయలుదేరి కోర్దోబా, గ్రనాడా, సెవియా నగరాల్లో మూడేసి రాత్రులు గడిపాము. వేసవిలో అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి, రాయలసీమ ఎండలకు అలవాటుపడినవారు కూడా జూలై, ఆగస్టు నెలలను తప్పించుకోవడమే మంచిది.

మాడ్రిడ్ నుంచి కోర్దోబాకు వేగరైలులో రెండు గంటలు కూడా పట్టదు. ఇది 1992లో మొదలైన మాడ్రిడ్-సెవియా మార్గం, ఆ దేశంలో తొలి వేగరైలు మార్గం కూడా ఇదే. నడవలేనివారి కోసం స్టేషన్లలో ఉచిత సహాయ సేవ ఉంది, కానీ దాన్ని ముందుగా కోరాలి. మేము కోరినందువల్ల బావగారిని చక్రాల కుర్చీలో రైలుపెట్టె దాకా తీసుకువెళ్లారు, దిగేచోట మరొకరు అందుకున్నారు. ఆ తొమ్మిది రోజుల్లో మాకు అందిన సేవలన్నింటిలోనూ నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే.

చాలామంది పొద్దున సెవియాలో బయలుదేరి, కోర్దోబాలో పెద్ద మసీదు చూసి, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. ఆ ప్రణాళిక పొరపాటని నాకు మొదటి ఉదయమే తెలిసివచ్చింది. ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ మసీదులోకి ప్రవేశం ఉచితం, ఆ గంటలో పర్యాటక బృందాలను రానివ్వరు. రాత్రి ఊళ్లో బస చేసినవారికే ఆ అవకాశం దక్కుతుంది. బయట నారింజ చెట్ల ప్రాంగణంలో చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడి, తలుపు తెరవగానే లోపలికి అడుగుపెడితే, మసక వెలుతురులో ఎటు చూసినా స్తంభాలే కనిపించాయి. మొత్తం 856 ఉన్నాయట. అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుర్ రహ్మాన్ 785లో కట్టడం మొదలుపెట్టినప్పుడు రోమన్ల, వారి తరువాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చిన పాత స్తంభాలనే వాడారు. అవి పొట్టివి కావడంతో కప్పును ఎత్తుగా నిలపడానికి ఒక కమాను మీద మరో కమాను వేశారు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి వరుస మార్చి పేర్చిన ఆ జంట కమానుల అందమంతా ఒక ఇబ్బందిని దాటడానికి పన్నిన ఉపాయంలోంచి పుట్టిందన్నమాట. పదో శతాబ్దం చివర మంత్రి అల్‌మన్సూర్ పెంచిన తూర్పు భాగంలోకి నడిస్తే ఆ ఎరుపు ఇటుకది కాదు, రాతి మీద పూసిన రంగు మాత్రమే. ఈ తేడాను ముందు గమనించింది మా ఆవిడ.

కోర్దోబా 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో వశమైన తరువాత మసీదు చర్చిగా మారింది. 1523లో సరిగ్గా దాని నడుమ ఒక పెద్ద కెథెడ్రల్‌ను లేపడం మొదలుపెట్టారు. అనుమతి ఇచ్చిన ఐదో చార్లెస్ చక్రవర్తే తరువాత చూసి బాధపడ్డాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వింటున్నప్పుడు నాకూ కోపం వచ్చింది గానీ, లోపల తిరిగిన తరువాత నా అభిప్రాయం కొంత మారింది. ఆ చర్చి లేకపోతే ఈ స్తంభాలు ఇన్ని శతాబ్దాలు పడగొట్టకుండా మిగిలేవా అన్న అనుమానం కలిగింది. తొమ్మిదిన్నరకు కాస్త ముందే సిబ్బంది మర్యాదగానే అందరినీ బయటకు పంపించారు. మర్నాడు టికెట్టు కొని మళ్లీ వెళ్లి, ప్రార్థన దిశను సూచించే గూడైన మిహ్రాబ్ దగ్గర ఖలీఫా రెండో అల్ హకమ్ కాలంలో బైజాంటియం పనితనంతో పొదిగిన బంగారు గాజుముక్కలను తీరిగ్గా చూశాము. ఉచిత గంట ఒక్కటే సరిపోదు, టికెట్టుతో చూసింది ఒక్కటే కూడా సరిపోదు.

మేము దిగిన బస యూదుల పాత వాడలో, లోముంగిలి ఉన్న ఒక పాత ఇల్లు. గదులు చిన్నవి, లిఫ్టు లేదు, గోడలు పలచన. అయినా బావగారికి కింది గది ఇచ్చి, పొద్దున్నే వేడినీళ్ల సంచి అడగకుండానే తెచ్చిన ఆ ఇంటి పెద్దావిడను మరచిపోలేము. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే హైదరాబాదు అన్నాము, ఆమెకు తెలియలేదు. పక్కనున్న ఆంధ్రప్రదేశ్ పేరు చెప్పాము. ఆమె ముఖం వెలిగి, వెంటనే “అనంతపూర్!” అంది. బార్సిలోనాలో పుట్టి, 1969 నుంచి అనంతపురంలో పనిచేసి, 2009లో అక్కడే కన్నుమూసిన విన్సెంట్ ఫెర్రర్ పేరు స్పెయిన్‌లో సామాన్యులకూ తెలుసు. ఆయన సంస్థ ద్వారా ఆమె చెల్లెలు ఒక పిల్లవాడి చదువుకు నెలనెలా డబ్బు పంపుతోందట. మా తెలుగు నేల మాకంటే ముందే ఆ వంటింటికి చేరిపోయి ఉంది.

శాకాహారులకు ఒక మాట. కోర్దోబా వారి సల్మోరేహో అనే చల్లని టమాటా గుజ్జు మీద అడగకుండానే పంది మాంసం ముక్కలు, గుడ్డు చల్లుతారు కాబట్టి ముందుగానే వద్దని చెప్పాలి. చెరకు పాకం పోసి ఇచ్చే వంకాయ వేపుడు మాత్రం మూడు రోజులూ తిన్నాము. చాలాచోట్ల మధ్యాహ్న భోజనం ఒంటిగంటన్నర, రెండు ప్రాంతంలో, రాత్రి భోజనం ఎనిమిదిన్నర, తొమ్మిది ప్రాంతంలో గానీ మొదలవదు, కనుక మందులు వేసుకునేవారు ఏదో ఒకటి సంచిలో ఉంచుకోవాలి.

గ్రనాడాకు వెళ్లేదే కొండ మీది కోట, రాజభవనాలు కలిసిన అల్‌హంబ్రా కోసం. టికెట్లు కొన్ని వారాల ముందే అయిపోతాయి. గ్రనాడాను చివరగా ఏలిన ముస్లిం వంశమైన నస్రీద్‌ల రాజభవనాల్లోకి అడుగుపెట్టే వేళ టికెట్టు మీదే ఉంటుంది, ఆ వేళ దాటితే లోపలికి రానివ్వరు. అసలు పాస్‌పోర్టునే వెంట ఉంచుకోవాలి, ఒక్క చోట కాదు, పలుచోట్ల చూస్తారు. టికెట్టు ద్వారం నుంచి ఆ భవనాల దాకా బావగారి నడకతో అరగంట పట్టింది, ఆ లెక్క వేసుకోకుండా బయలుదేరిన నా అజాగ్రత్త వల్ల చివరి నిమిషంలో లోపలికి వెళ్లగలిగాము. టికెట్టుకు మేము ఇచ్చింది దాదాపు 20 యూరోలు, దానికి ఒక్క పైసా ఎక్కువ కాదనిపించింది.

అక్కడ గోడలను చూడమని అందరూ చెబుతారు. నేను నీళ్లను చూడమంటాను. 1238లో కొండ మీద కోట మొదలుపెట్టిన మొదటి ముహమ్మద్ కాలంలోనే దార్రో నదికి ఎగువన కట్టవేసి, దాదాపు ఆరు కిలోమీటర్ల కాలువ తవ్వి నీటిని వాలు వెంట పారించి కొండ మీది కోటకు చేర్చారు. ఆ ఒక్క కాలువ లేకపోతే తోటలూ లేవు, పన్నెండు సింహాలు మోసే ఫౌంటెనూ లేదు. సాగునీటి కాలువను స్పానిష్‌లో ‘అసేకియా’ అంటారు, అది అరబ్బీ మాట. నారింజను ‘నరాంహ’ అంటారు, అది అరబ్బీ, పారసీకాల మీదుగా మన దేశం నుంచి వెళ్లిన మాట. ఆ కాలువ గట్టున నారింజ చెట్టు కింద కూర్చున్న బావగారు, తెలియని భాషలో చుట్టపు మాట వినిపించినట్టుందని అన్నారు.

గచ్చు గోడల మీద ‘అల్లా తప్ప విజేత లేడు’ అన్న నస్రీద్ నినాదం వందల చోట్ల కనిపిస్తుంది. ఆ గోడల మధ్యనే నివసించిన చివరి రాజు బోఅబ్దిల్ 1492 జనవరి 2న క్రైస్తవ పాలకులకు కోట తాళాలు అప్పగించి వెళ్లిపోయాడు. అదే ఏడు మార్చి 31న యూదులను దేశం విడిచిపొమ్మన్న శాసనం వెలువడింది కూడా ఈ కొండ మీదనే. కోర్దోబాలో ఖాళీగా మిగిలిన 1315 నాటి చిన్న యూదు ప్రార్థనా మందిరం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఎదురు కొండ మీదున్న అల్బైసిన్ వాడలో అల్‌హంబ్రా కనిపించే మేడగది చూసి మురిసిపోయి బస తీసుకోవద్దు. గులకరాళ్లు పరిచిన నిట్టనిలువు సందుల్లోకి టాక్సీ చివరిదాకా రాదు, పెట్టెలను మేమే మోసుకున్నాము. దృశ్యం నిజమే, కానీ మోకాళ్లూ నిజమే. కొండ కింది వీధుల్లో బస చేసి, చిన్న సిటీ బస్సులో పైకి వెళ్లి చూసి రావడం తెలివైన పని. సాక్రోమోంతే గుహల్లో ఒక రాత్రి ఫ్లమెంకో అనే అక్కడి ఆటపాటల ప్రదర్శన చూశాము. మేము వెళ్లిన గుహలో గంటకు ఒక బృందాన్ని పంపి మరో బృందాన్ని నింపుతున్నారు, ఇచ్చిన ధరకు అది న్యాయం కాదు. అయితే ఆ తొందరలోనూ ఒక పెద్దావిడ లేచి ఆడిన పది నిమిషాలు వేరు. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్న బావగారు వేళ్ల మీద లెక్కపెట్టి పన్నెండు మాత్రలని తేల్చారు. సొలెయా, బులెరియా వంటి పాటలకు లెక్క అదే, ఊనికలు మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద పడతాయి. ఆ కళను నిలబెట్టిన హితానోల, అంటే స్పెయిన్ రోమా జనుల, పూర్వులు వాయవ్య భారతం నుంచి శతాబ్దాల పాటు నడిచి వెళ్లినవారని భాషా పరిశోధన చెబుతోంది.

సెవియా గురించి తక్కువే చెబుతాను. అందమైన నగరమే, కానీ జనం ఎక్కువ, ధరలు ఎక్కువ, శ్రద్ధ తక్కువ. మినారుగా పుట్టి గంటల గోపురమైన హిరాల్దాకు మెట్లకు బదులు 35 వాలుదారులు ఉన్నాయి, అజాన్ పలికేవారు గుర్రం మీద ఎక్కేందుకని చెబుతారు. కొన్నేళ్లుగా ఏ గోపురమూ ఎక్కని బావగారు ఆగి ఆగి దీన్ని ఎక్కేశారు. పక్కనే, అమెరికా వలసల పాత పత్రాలను భద్రపరిచిన ఇండీస్ ఆర్కైవ్‌లో ప్రవేశం ఉచితం, మేము వెళ్లినప్పుడు క్యూ కూడా లేదు. అమెరికా ఖండాలను ‘ఇండియాలు’ అని పిలిచిన పొరపాటు ఆ గుమ్మం మీద పేరుగా నిలిచిపోయింది. మిరపకాయ ఐరోపాకు వచ్చింది కూడా ఆ ఖండాల నుంచి తిరిగివచ్చిన స్పెయిన్ ఓడల్లోనే. గుంటూరు గొప్పలు చెప్పుకునే మేము ఆ గదిలో కాస్త తగ్గాము.

అక్కడ మేము తీసుకున్న అపార్ట్‌మెంటుకు మనిషి లేడు, గోడకున్న పెట్టెలో తాళంచెవి, ఫోనులో సంకేతసంఖ్య. వేడినీరు రాకపోతే సమాధానం మర్నాటికి వచ్చింది, శుభ్రం చేసినందుకు విడిగా వసూలు చేసిన రుసుము మాత్రం ముందే వెళ్లిపోయింది. దానికున్న ఒకే మేలు వంటగది. చివరి రోజు ముంగిట్లోని నారింజ చెట్టు నుంచి, ఎదురింటావిడను అడిగి, బావగారు రెండు కాయలు కోశారు. అవి తినేవి కావని, చేదని, బ్రిటన్‌కు మార్మలేడ్ కోసం పంపుతారని ఆవిడ సైగలతో నవ్వుతూ చెప్పింది. బావగారు ఒకటి కోసి నాలుక మీద పెట్టుకుని, ఇది మన దబ్బకాయకు పినతల్లి కొడుకు అని తీర్పు ఇచ్చి, మిగిలిన బియ్యం వండించి, సంచిలో మిగిలిన ఆవాలూ ఎండుమిరపకాయలూ వేయించి పులిహోర కలిపారు. కాస్త చేదు తగిలింది గానీ, ముగ్గురం గిన్నె ఖాళీ చేశాము.