షూర్ ఎస్ఎం58, ఎస్ఎం57: చిన్న బ్యాండ్‌కి మొదటి మైకులు

సొంతంగా పాటలు కట్టుకుని, ఇంట్లోనే రికార్డు చేసుకుని, కేఫ్‌లలో, కాలేజీ ఫెస్ట్‌లలో, లామకాన్ లాంటి సాంస్కృతిక వేదికల్లో వాయించే చిన్న బ్యాండ్‌లు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. మాదీ అలాంటిదే. ఒక గొంతు, గిటార్, బేస్, కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె), డప్పు. మా బ్యాండ్‌లో రికార్డింగ్ పని నేనే చూస్తాను కాబట్టి కొత్తగా మొదలుపెట్టిన తమ్ముళ్లు "అన్నా, ముందు ఏ మైక్ కొనాలి?" అని నన్ను అడుగుతుంటారు. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. షూర్ ఎస్ఎం58 ఒకటి, ఎస్ఎం57 ఒకటి. మిగతావన్నీ వాటి తర్వాతే.

చాలామంది ముందుగా కొనేది కండెన్సర్ మైక్, స్టాండ్, పాప్ ఫిల్టర్ అన్నీ కలిపి తక్కువ ధరకి వచ్చే కిట్. దాన్ని ఇంటికి తెచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మైక్ చప్పుడుని పెద్దది చేసే గెయిన్ పెంచగానే ఫ్యాన్ గాలి, పక్కింటి కుక్కర్ విజిల్, కింద రోడ్డు మీద ఆటో హారన్, ఖాళీ గోడలకి తగిలి వెనక్కొచ్చే మన గొంతు, అన్నీ కలిసి వినపడతాయి. అది మైక్ తప్పు కాదు, సన్న చప్పుడుని కూడా వదలకుండా పట్టుకోవడమే దాని పని. గోడలకి ట్రీట్‌మెంట్ చేసిన నిశ్శబ్దమైన గదిలో కండెన్సర్ వరమే. కానీ మనం ఉండేది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లలో, రేకుల షెడ్డు పెంట్‌హౌస్‌లలో. అక్కడ కావాల్సింది నోటికి దగ్గరగా, వాయిద్యానికి దగ్గరగా పెట్టి వాడే మైక్. 57, 58 రెండూ ఆ తరహావే, వీటిని డైనమిక్ మైకులంటారు. డైనమిక్ మైక్ గది శబ్దాన్ని ఆపేస్తుందని కొందరు చెప్తారు, అది నిజం కాదు. దగ్గరగా పాడతాం కాబట్టి గొంతు పెద్దగా పడుతుంది, గెయిన్ అంత పెంచాల్సిన పని ఉండదు, గది వెనక్కి పోతుంది. పైగా వెనకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని ఇవి బాగా తగ్గించి తీసుకుంటాయి, కాబట్టి కిటికీ ఎటు ఉందో చూసుకుని మైక్ వీపుని అటు తిప్పి పెడితే ఇంకా మంచిది.

57 వచ్చింది 1965లో, 58 వచ్చింది 1966లో. స్టూడియోల కోసం చేసిన మైకులే అయినా 58ని స్టేజీ వాళ్లు తమ సొంతం చేసేసుకున్నారు. ఇంచుమించు అరవై ఏళ్లయినా పెద్దగా మార్పులేమీ లేకుండా ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి. రెండింటి లోపలి గుండెకాయ దాదాపు ఒకటే, తేడా అంతా తలకాయలో ఉంది. 58కి గుండ్రటి స్టీలు జాలీ, దాని లోపల స్పాంజి పొర. 57కి ఆ గుండు ఉండదు, అందుకే దాన్ని వాయిద్యానికి ఇంకా దగ్గరగా జరపొచ్చు.

ముందు గొంతు సంగతి. 58లో నాకు అన్నిటికంటే నచ్చేది మాట వినపడటం. దాదాపు 4 నుంచి 6 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే పైస్థాయి శబ్దాల దగ్గర, ఈ మైక్ స్వరాన్ని కొంచెం ముందుకి తోస్తుంది, హల్లుల పదును ఉండేది అక్కడే. మన పాటల్లో సాహిత్యమే ప్రాణం కదా. డప్పు, బేస్ రెండూ మోగుతున్నప్పుడు కూడా పల్లవిలో మాట జనానికి అందాలి, అక్కడ ఈ మైక్ నిజంగా ఆదుకుంటుంది. అదే గుణం కొన్ని గొంతులకి ఇబ్బంది కూడా. స, ష గట్టిగా పలికేవాళ్లకి చెవిలో గుచ్చినట్టు వస్తుంది, మిక్స్ చేసేటప్పుడు ఆ ప్రాంతంలో కాస్త తగ్గించుకోవాలి. ఇక ప, ఫ, భ అక్షరాలు. లోపల స్పాంజి ఉన్నా పెదాలు జాలీకి ఆనించి "భూమి" అంటే ధబ్‌మని గాలి కొడుతుంది. మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కగా, రెండు మూడు వేళ్ల దూరంలో పెట్టుకుంటే చాలావరకు పోతుంది. దగ్గరికి వచ్చేకొద్దీ గొంతుకి బరువు పెరగడం, వెనక్కి జరిగితే పల్చబడటం ఈ మైకుల సహజ గుణం. మా పాడే తమ్ముడు దీన్ని బాగా వాడుకుంటాడు. చరణంలో మెల్లగా పాడేటప్పుడు దగ్గరగా ఉంటాడు, పైస్థాయిలో రాగం తీసేటప్పుడు జానెడు వెనక్కి వెళ్తాడు. అలా పాడటం వచ్చినవాళ్ల ట్రాక్ మీద తర్వాత పని సగం తగ్గిపోతుంది.

కానీ ఈ రివ్యూ రాయాలనిపించింది 57 గురించి, అందులోనూ డప్పు గురించి. డప్పు రికార్డు చేయడం మీద ఎవరూ ఏమీ రాయరు. డ్రమ్ కిట్‌కి ఏ మైక్ ఎక్కడ పెట్టాలో ఎక్కడ వెతికినా దొరుకుతుంది, మన డప్పుకి మాత్రం మనమే చెవితో విని కనిపెట్టుకోవాలి. మా డప్పు అన్న మొదటిసారి 57ని చూసి "గీ సన్నది నా డప్పు సప్పుడుకు ఆగుతదా తమ్మీ?" అన్నాడు. ఆగింది. ఎంత గట్టిగా కొట్టినా శబ్దం పగిలినట్టు రాలేదు. డప్పు ఎంత పెద్దగా మోగుతుందో దగ్గర కూర్చున్నవాళ్లకే తెలుసు, ఆ దెబ్బకి చవక మైకులు చేతులెత్తేస్తాయి.

పెట్టే పద్ధతి చెప్తాను. చర్మానికి జానెడు దూరంలో, కొంచెం వాలుగా. కుడిచేతి సిర్ర (లావు పుల్ల) పడే చోటుకి మైక్ చూపిస్తే "ధన్" అనే దెబ్బ లావుగా పడుతుంది. ఎడమచేతి చిటికెన పుల్ల ఆడే అంచు వైపుకి తిప్పితే "టక టక" అనే పదును పైకి వస్తుంది. ఒక్క మైకే ఉన్నప్పుడు నేను రెండింటికీ మధ్యలో చూపించి, అంచు వైపుకి ఒక వేలెడు ఎక్కువ మొగ్గుతాను, ఎందుకంటే లావు దెబ్బ ఎలాగూ వినపడుతుంది, పుల్ల శబ్దమే బేస్ గిటార్ కింద దాక్కుంటుంది. అన్న వాయిస్తుంటే ఇంకొకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైక్‌ని మెల్లగా జరుపుతూ వినండి. కొద్దిగా కదిపితేనే డప్పు ఇంకో డప్పులా మారిపోతుంది. ఇంకొక సంగతి, దీనికీ మైక్‌కీ సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. డప్పు కాచుకుని వాయిస్తారు కదా, మంట దగ్గర వేడెక్కిన చర్మం బిగుసుకుని శ్రుతి పైకి వెళ్తుంది. టేకుల మీద టేకులు తీస్తుంటే చర్మం చల్లారి వదులవుతుంది. మొదటి టేక్‌లో సగం, ఆఖరి టేక్‌లో సగం తీసుకుని అతికిస్తే అతుకు తెలిసిపోతుంది. అందుకని మేం మేడ మీద మంట సిద్ధంగా ఉంచుకుని, మధ్యలో ఆగి మళ్లీ కాచుకుని, డప్పు పని మొత్తం ఒకే కూర్చోవడంలో ముగిస్తాం. ఏసీ గదిలో అయితే ఇంకా జాగ్రత్త.

గిటార్ యాంప్ ముందు 57 పెట్టడం ప్రపంచమంతా చేసే పనే కాబట్టి ఎక్కువ చెప్పను. స్పీకర్ కోన్ నడిమధ్యకి చూపిస్తే ఘాటుగా, అంచుకి జరిపితే మెత్తగా. కహోన్‌కి వెనక రంధ్రం దగ్గర బేస్ దెబ్బ కోసం ఒకటి, ముందు పలక పైభాగానికి ఒకటి పెడితే బావుంటుంది, ఆ పనికి 58ని కూడా దింపొచ్చు.

వీటితో రాని పనులూ ఉన్నాయి. 15 కిలోహెర్ట్జ్ దాటాక ఈ మైకులు పెద్దగా ఏమీ పట్టవు. అకూస్టిక్ గిటార్ తీగల మెరుపు, వీణ మీటు తర్వాత సాగే నాదం, ఫ్లూట్‌లో గాలి, ఇవి కావాలంటే మంచి గది, మంచి కండెన్సర్ కావాల్సిందే. అలాంటి భాగం పాటలో ఉంటే దానికోసం స్టూడియోలో రెండు గంటలు తీసుకుని, మిగతా పాటంతా ఇంట్లో చేసుకోండి, ఖర్చు బాగా తగ్గుతుంది. రెండో లోటు, ఇవి ఇచ్చే సిగ్నల్ చిన్నది. డప్పుకి, యాంప్‌కి గొడవే లేదు. గుసగుసలాడినట్టు పాడే లాలిపాటకి మాత్రం గెయిన్ బాగా పెంచాలి, మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ నాసిరకమైతే అప్పుడు "స్స్" అనే చప్పుడు పైకి వస్తుంది. మేం వాడేది ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, రెండు మైకులు ఒకేసారి పెట్టుకోవచ్చు, మా పనికి సరిపోతోంది. ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకులకి కేబుల్ ద్వారా పంపే కరెంటు) వీటికి అక్కర్లేదు, పొరపాటున ఆన్‌లో ఉన్నా సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) వాడుతుంటే ఏమీ కాదు, టెన్షన్ పడకండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి రీపర్ చూడండి, 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడి చూడొచ్చు, సొంతానికి వాడుకునేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లే. ముందు క్లిక్ (లయ తప్పకుండా టక్ టక్ అనే చప్పుడు) పెట్టుకుని గిటార్, గొంతుతో దారి చూపే తాత్కాలిక గైడ్ ట్రాక్ తీయడం, దాని మీద డప్పు, బేస్, చివర్లో అసలు గొంతు. రెండే మైకులతో పాట మొత్తం అయిపోతుంది.

షోల సంగతికొస్తే, సౌండ్ వాళ్ల దగ్గర మైకులు ఎలాగూ ఉంటాయి కదా, మనదెందుకు తీసుకెళ్లడం అంటారు. నేను మాత్రం మీ 58 మీరు తీసుకెళ్లండి అనే చెప్తాను. రోజూ ఇంట్లో పాడే మైక్ మీదే స్టేజీ మీదా పాడితే గాయకుడికి ఎంత దూరంలో ఉండాలో అలవాటుగా తెలుస్తుంది. పదిమంది నోళ్ల ముందు తిరిగిన మైక్ వాసన బాధ కూడా తప్పుతుంది. 58 జాలీ మర తిప్పినట్టు తిప్పితే ఊడి వస్తుంది, సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాక బిగించుకోవచ్చు. కింద పడి జాలీ సొట్టపోతే జాలీ ఒక్కటే విడిగా దొరుకుతుంది. కేబుల్ కూడా మీదే పెట్టుకోండి, షోలో ముందు ప్రాణం పోయేది కేబులే, అదీ చివర్లో సోల్డరింగ్ దగ్గర.

స్టేజీ మీద స్పీకర్లు కీచుమని కూయడం గురించి ఒక మాట. ర్యాప్ పాడే తమ్ముళ్లు స్టైల్ కోసం జాలీని గుప్పిటతో మూసి పట్టుకుంటారు. వెనక శబ్దాన్ని తగ్గించాలంటే ఆ జాలీ వెనకభాగం నుంచి కూడా గాలి లోపలికి పోవాలి, దాన్ని మూసేస్తే మైక్ అన్ని వైపుల నుంచీ వింటుంది, పాడేవాళ్లకి వినపడేందుకు ముందుంచిన మానిటర్ స్పీకర్ బాక్స్ కూయడం మొదలుపెడుతుంది. జనం సౌండ్ అన్నని తిడతారు, పాపం ఆయన చేసేదేమీ ఉండదు. కింద హ్యాండిల్ పట్టుకోండి, మానిటర్‌ని సరిగ్గా మైక్ వీపు వైపు ఉండేట్టు పెట్టించుకోండి, చాలావరకు సద్దుమణుగుతుంది.

ఇక కొనేటప్పుడు. 58కి ప్రపంచంలో ఉన్నన్ని డూప్లికేట్లు ఇంకే మైక్‌కీ ఉండవేమో. మా బేస్ తమ్ముడు ఒక దుకాణంలో సగం ధరకే వస్తోందని తెచ్చాడు, డబ్బా, సంచి, పేరు అన్నీ అచ్చం అలాగే ఉన్నాయి. అసలు దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి, ఒకే గెయిన్ మీద ఒకే లైన్ పాడించి విన్నాం. కొత్తదాంట్లో గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంది, చేతిలో కదిపితే గరగరమంటోంది. వాడి డబ్బు పోయిందని చాలా బాధేసింది, అది నెలంతా ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు. అందుకే అధీకృత డీలర్ దగ్గరే, బిల్లు తీసుకునే కొనండి. అసలు 58 బరువు 298 గ్రాములు, 57ది 284. వంటింటి తక్కెడ మీద పెట్టి చూడండి, బాగా తేలిగ్గా తూగితే అనుమానించాల్సిందే. ఒక్కోటి 10,000 రూపాయలకి అటూఇటూగా ఉంటుంది. ఆ ధరలో సగానికి "కొత్తది" అని ఎవరైనా ఇస్తుంటే దూరంగా ఉండండి. సెకండ్ హ్యాండ్‌లో తెలిసినవాళ్ల దగ్గర దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు, ఇవి త్వరగా పాడయ్యే రకం కాదు.

డబ్బులు ఒక్కదానికే ఉంటే ఏది కొనాలి? షోలే ఎక్కువ, రికార్డింగ్ తక్కువ అయితే 58. ఇంట్లో వాయిద్యాలు రికార్డు చేయడమే ముఖ్యమైతే 57 తీసుకుని, దాని మీద ఒక స్పాంజి తొడుగు వేసి గొంతుకి కూడా వాడుకోండి. అమెరికా అధ్యక్షుల ప్రసంగ వేదిక మీద దశాబ్దాలుగా కనిపించే మైకులు ఈ 57లే, వాటికీ అలాంటి తొడుగే ఉంటుంది. మేం మొదట కొన్నది 57, మా మొదటి పాటలో డప్పు, గిటార్, గొంతు మూడూ దాంతో తీసినవే.