మోకాళ్ల తరగతికి పిట్టగోడ లేని మెట్లు

బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణంలో ప్రతి ఉదయం నలభై నిమిషాలు నడుస్తున్నాను కాబట్టి నా ఆరోగ్యానికి ఢోకా లేదనే అనుకున్నాను. నిరుడు శ్రీవారి మెట్టు దారిలో కొండెక్కబోతే, మొత్తం 2,388 మెట్లలో నాలుగు వందలైనా దాటకుండానే తొడలు వణికి కూలబడ్డాను. ఆయాసం లేదు, గుండెదడ లేదు, కాళ్లు మాత్రమే మొరాయించాయి. ఆ తర్వాతనే తిరుపతిలో మా కాలనీకి దగ్గరలో ఒక ఫిజియోథెరపిస్టు అరవై దాటినవారి కోసం నడుపుతున్న వ్యాయామ తరగతిలో చేరాను. లోపాలు కూడా రాయవలసి ఉంది కనుక దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు.

మొదటి రోజు వ్యాయామమేమీ చేయించలేదు. రక్తపోటు చూసి, వాడుతున్న మందుల చీటీ అడిగి, చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీపై అడ్డంగా పెట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలనో లెక్కపెట్టారు. ఎనిమిది వచ్చింది. అరవై ఐదు నుంచి అరవై తొమ్మిదేళ్ల మగవారికి పన్నెండు కంటే తగ్గితే సగటు కన్నా తక్కువ కిందే లెక్క అని చెప్పినప్పుడు, ఇన్నేళ్ల నడక ఎటు పోయిందని కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజం. దానికి జవాబు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలోనే ఉంది. అరవై ఐదు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి వ్యాయామాలు కావాలని అందులో ఉంది. మొదటి పద్దులో నాకు 280 నిమిషాలు జమ ఉన్నాయి, మిగిలిన రెండు పద్దుల్లో సున్నా.

ఈ తరగతి సరిగ్గా ఆ రెండు పద్దులనే పట్టుకుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం ఆరు నుంచి ఏడు వరకు పద్నాలుగు మందిమి చేరతాము. చీలమండకు ఇసుక సంచి కట్టుకుని కాలు చాపడం, గోడ పక్కన ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి నిలబడడం, అన్నిటికంటే ముఖ్యంగా కుర్చీలో నెమ్మదిగా కూర్చోవడం నేర్పుతారు. మెట్లు దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువు మోయవలసి వస్తుంది, నెమ్మదిగా కూర్చున్నప్పుడు చేసేదీ అదే పని. మేము ఏమరుపాటున దభాలున కూలబడితే, "నాలుగు లెక్కపెట్టి కూచోండి సార్, అట్ల పడితే కుర్చీకే ఎక్సర్‌సైజు!" అంటాడు తరగతి నడిపే ఆ ఫిజియోథెరపిస్టు కుర్రవాడు. చక్కెర మందులు వాడేవారి కోసం బల్ల మీద గ్లూకోజు పొడి డబ్బా ఎప్పుడూ ఉంటుంది. చిన్న విషయమే అయినా, నాకు నమ్మకం కుదిరింది దానివల్లనే.

ఆరు నెలల్లో నా ఎనిమిది పదమూడైంది. కిందటి నెల ఆరుచోట్ల ఆగి శ్రీవారి మెట్టు పూర్తి చేశాను. ఈ మధ్య నాలుగు కిలోలు తగ్గాను కనుక ఘనతంతా తరగతికే కట్టబెట్టలేను. అలిపిరి దారిలోని 3,550 మెట్ల మాట, ముఖ్యంగా మోకాళ్ల పర్వతం మాట, ఇంకా తలపెట్టలేదు.

ఇక లోపాలు. ఆ ఫిజియోథెరపిస్టు సెలవు పెట్టిన వారం బదులుగా వచ్చిన శిక్షకుడు ఎవరి నొప్పులూ అడగకుండా అందరిచేతా ఒకే తీరున గుంజీలు తీయించాడు, దాంతో ఒక పెద్దావిడ మోకాలు వాచి పది రోజులు రాలేకపోయింది. నెలకు పన్నెండు వందల రుసుము నాకు భారం కాదు గాని, పింఛను లేనివారికి ఎక్కువే.

అసలు కంప్లయింటు మరొకటి ఉంది. తరగతి మేడ మీద. ఎక్కడానికి ఇరవై రెండు మెట్లున్నాయి, ఒక పక్క గోడ, రెండో పక్క పిట్టగోడైనా లేదు. వర్షం పడిన రోజు దిగడానికి జంకు పుడుతుంది. మూడుసార్లు చెప్పిన మీదట, ఇల్లు అద్దెది కాబట్టి ఇనుప కమ్మీ పెట్టడానికి యజమాని ఒప్పుకోలేదని చెప్పి, గోడ వెంబడి మేకులు కొట్టి నైలాను తాడు కట్టారు. ప్రస్తుతం దాన్ని పట్టుకునే దిగుతున్నాము.