సబ్బునీళ్లా, శానిటైజరా?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన తరువాత కోనసీమలోని మా ఇంటికి రెండు కొత్త వస్తువులు వచ్చి చేరాయి: పెరట్లో గోలెం పక్కన సబ్బుబిళ్ల, వీధి అరుగు మీద శానిటైజర్ సీసా. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోవడం మాకు పాత ఆచారమే గాని, చేతులను సబ్బుతో 20 సెకన్ల పాటు, గోళ్ల సందులు కూడా వదలకుండా రుద్దుకోవడం మాత్రం అప్పుడే నేర్చుకున్నాం.

కరోనా వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను సబ్బూ ఛేదిస్తుంది, కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజరూ ఛేదిస్తుంది. బస్సులోనో సంతలోనో నీళ్లు దొరకనప్పుడు సీసాయే మేలు. అయితే నాట్లు వేసి వచ్చిన బురద చేతులకు, చేపల జిడ్డు అంటిన చేతులకు అది సరిగా పనిచేయదు. పైగా వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై దాని ప్రభావం తక్కువ. కాలువ నీటితో, చెరువు నీటితో బతికే డెల్టాలో ఈ తేడా చిన్నది కాదు కనుక నేను నిస్సందేహంగా సబ్బు వైపే మొగ్గుతాను. అరుగు మీద సీసా ఎప్పుడో మాయమైంది, దానికి చింత లేదు. గోలెం పక్కన సబ్బు కూడా ఒక్కోరోజు కనిపించకపోవడమే నాకు బాధగా ఉంది.