‘చేత్తో చేసింది’ అన్న మాటకు పడిపోయాను, మీరు పడకండి

ఆవిడ పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. ఈమధ్య ఇంట్లో బిడ్డ పుట్టిన ఎవరి ఫోన్లో అయినా ఆ వీడియోలు రాకుండా ఉండవు. లేత రంగుల అల్లిక బొమ్మలు, చెక్క గిన్నె, వెనక మెల్లగా సంగీతం, ‘ఒక అమ్మ నుంచి ఇంకో అమ్మకు’ అనే మాట. ఆవిడే. కొత్తగా అమ్మానాన్నలైన వాళ్ళ కోసమని ఒక పెట్టె అమ్ముతుంది చూడండి, ఆ పెట్టె గురించే ఇదంతా.

పాపకు ఏడో నెల. మా ఆవిడ సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరింది, పగలంతా పాప నా దగ్గరే. వంట నాకు అంతంతమాత్రం. ఒక రోజు రాత్రి మూడింటికి పాపను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో ఆర్డర్ పెట్టేశాను. రాత్రి మూడింటికి మనిషికి బుర్ర ఎంత పనిచేస్తుందో నాకు అంతే పనిచేసింది.

పెట్టె వచ్చింది. అందులో ఒక అల్లిక గిలక్కాయ, ఒక చెక్క పూసల పట్టీ (ఒక కొసన బట్టలకు తగిలించే క్లిప్పు, ఇంకో కొసన కొరుక్కునే రింగు), ‘నీళ్ళు పోసి ఉడికిస్తే చాలు’ అని మూడు పొడి డబ్బాలు, చేత్తో రాసిన కార్డు ఒకటి. ‘మీరు చాలా బాగా చేస్తున్నారు’ అని ఉంది కార్డులో. నిద్రలేని మొహానికి ఆ మాట ఎలా తగులుతుందో చెప్పలేను. నిజంగానే కళ్ళు చెమర్చాయి. తర్వాత మా ఆవిడ వేలు తడి చేసి రాత మీద రుద్దింది. చెదరలేదు. అచ్చు వేయించిన చేతిరాత!

నాలుగో రోజు. పాప దుప్పటి మీద కూర్చుని పూసల పట్టీ నములుతోంది. నేను పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ‘టక్’ మని చిన్న చప్పుడు. రెండు పూసలు నేల మీద దొర్లాయి. మూడోది కనపడలేదు. పాప నోరు మూసుకుని నా వంక చూస్తోంది. ఏడవలేదు, దగ్గలేదు, ఊరికే చూస్తోంది. ఆ చూపు నాకింకా కళ్ళల్లోనే ఉంది. నోరు తెరిచి చూస్తే పూస చిగురుకూ బుగ్గకూ మధ్య ఇరుక్కుని ఉంది. కనిపిస్తోంది కాబట్టి వేలితో పక్కకి లాగేశాను. (కనిపించనప్పుడు మాత్రం నోట్లో వేలు పెట్టి వెతక్కండి, ఇంకా లోపలికి పోతుంది.) దారం కొస చూస్తే ఉట్టి నూలు దారం, ఒకే ఒక్క ముడి. ఉమ్మికి నానీ నానీ ఊడిపోయింది. ఇంతోటి ముడికి ‘ప్రేమతో వేసిన ముడి’ అని వీడియోలో దగ్గరగా చూపిస్తుంది మళ్ళీ.

చేతులు వణుకుతుండగానే ఆవిడకు ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి ఇమ్మని కాదు, ఒట్టు. ఇంకెవరికైనా పంపేలోపు చెబుదామని. విన్నది. విని, చాలా శాంతంగా ఇలా అంది:

“సార్, ఒకసారి ఫోన్ మేడమ్‌కి ఇస్తారా? ఇవన్నీ ఆడవాళ్ళకు అర్థమవుతాయి.”

నేనే చూసుకుంటున్నానండీ పాపను, నాకే చెప్పండి అన్నాను.

“అదే కదా సార్, మీరు చూసుకోవాలి. మీరు చూసుకోకుండా మా వస్తువును అంటే ఎలా?”

నాకు నోట మాట రాలేదు. పాప నోట్లోంచి పూస తీసి అయిదు నిమిషాలు కాలేదు, ఇంకా నా అరచేతిలోనే తడిగా ఉంది. ఫోన్ పెట్టేశాక ఒక గంట పాటు, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆవిడ అన్నదే నిజమేమో అనుకున్నాను. నా కళ్ళు ఒక్క క్షణం అటు తిరిగాయేమో, నాదే తప్పేమో అని.

సాయంత్రానికి కోపమూ తెలివీ రెండూ వచ్చాయి, కూర్చుని చదివాను. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులోనే, పళ్ళొచ్చే పిల్లలకు వేసే ఇలాంటి పూసల దండల మీద, చేతిపట్టీల మీద హెచ్చరిక ఇచ్చింది. పిల్లలు నిద్రపోతున్నప్పుడు మెడకు బిగుసుకోవడం, పూస ఊడి గొంతుకు అడ్డుపడటం, రెండూ అందులో ఉన్నాయి. పద్దెనిమిది నెలల పిల్లాడు ఒకడు అలాంటి దండ బిగుసుకుని చనిపోయాడు. ఏడు నెలల బిడ్డ ఒకరు చెక్క పూసల చేతిపట్టీలోని పూసలు గొంతుకు అడ్డుపడి ఆస్పత్రి పాలయ్యారు. పెద్దవాళ్ళు పక్కన ఉండి చూస్తుండగానే అని రాసి ఉంది. చూస్తుండగానే! ఆ ఒక్క ముక్క నాలుగు సార్లు చదువుకున్నాను.

ఇక టేపు తీశాను. పాలపీకలకు (పాసిఫయర్లకు) తగిలించే పట్టీ 22 సెంటీమీటర్లు దాటకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 12586 చెబుతుంది, పొడవైతే మెడ చుట్టూ తిరుగుతుందని. ఇది 31. తర్వాత పూస సంగతి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలను పరీక్షించడానికి ఒక గొట్టం వాడతారు, దాని వెడల్పు 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా దిగిపోయేది ఏదైనా ప్రమాదమే. మన ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టం పెట్టి చూశాను. అది కాస్త వెడల్పే, ఇంకా మంచిది. పూసలు వరసగా జారిపోయాయి, పోటీ పడి మరీ.

అప్పుడు కదా డబ్బాల మీద అనుమానం వచ్చింది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ‘సహజమైన తీపి, చక్కెర లేదు’. వెనక, భూతద్దం పెడితే కనిపించేలా, ‘తేనె పొడి’. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు. ఇది పిల్లల డాక్టర్లందరూ చెప్పేదే, నాకూ తెలుసు. తెలిసి కూడా లేబుల్ తిప్పి చూడలేదు. రెండు రోజులు, పూటకు రెండు చెంచాలు పెట్టాను. ‘భలే తింటోంది’ అని ఫొటో తీసి మా ఆవిడకు పంపాను కూడా. తెలివైనవాణ్ణి.

దీని గురించి ఆవిడకు మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: “ఉడికిస్తారు కదా సార్, క్రిములన్నీ చచ్చిపోతాయి. మా పిల్లలు ఇదే తిని పెరిగారు.” చావవు. తేనెలో ఉండే అవకాశమున్నది బొటులినమ్ అనే బాక్టీరియా బీజాలు, అవి మామూలు మరుగుకు లొంగవు. పెద్దవాళ్ళ పేగుల్లో ఏమీ చేయలేవు కానీ పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. అదే రాసి పంపాను. ఒక టిక్కు పడింది. రెండోది ఇప్పటికీ పడలేదు. బ్లాక్.

డాక్టరు గారు తిట్టలేదు, అదే ఇంకా బాధ. చాలామంది పిల్లలకు ఏమీ కాదు, కానీ కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండండి, మలబద్ధకం, ఏడుపులో బలం తగ్గడం, రెప్పలు వాలిపోవడం, పాలు సరిగ్గా చప్పరించలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురండి అన్నారు. ఈ రోజుకు పదకొండు రోజులు. పాప బాగానే ఉంది. అర్ధరాత్రి గట్టిగా ఏడిస్తే ఇదివరకు విసుగొచ్చేది, ఇప్పుడు ‘అబ్బ, గట్టిగానే ఏడుస్తోంది’ అని సంతోషం. ఆ టెన్షన్ ఖరీదు ఏ బిల్లులోనూ లేదు.

చేత్తో చేసి అమ్మేవాళ్ళందరూ ఇంతే అనను. అల్లిక గిలక్కాయ ఒక్కటి మాత్రం గట్టిగా ఉంది, మూడుసార్లు లాగి చూశాను. తర్వాత కుట్టు మీదున్న అంటింపు కాగితం గోటితో గీకితే కింద ఏదో ఫ్యాక్టరీ లేబుల్ కనిపించింది. పెట్టెలో నమ్మదగ్గది ఒక్కటే, అదీ ఆవిడ చేసింది కాదు.

కొనబోయేవాళ్ళు పూసను గట్టిగా లాగి చూడండి, పట్టీ కొలవండి, డబ్బా వెనక్కి తిప్పండి. చిన్న బిడ్డల తిండికి పొడులేమీ అక్కర్లేదని నాలాంటివాడికే తెలిసొచ్చింది. కూరగాయ ముక్క వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించి, ఫోర్క్‌తో మెత్తగా మెదిపి, ఉడికించిన నీళ్ళే పోసి పలచన చేస్తున్నాను. ఉప్పు, చక్కెర లేవు. పదిహేను నిమిషాల పని. చిగుళ్ళ దురదకు శుభ్రమైన గుడ్డ తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తున్నాను, రింగు కంటే దాన్నే ఇష్టంగా నములుతోంది.

ఇందాక మా ఆవిడ ఫోన్లో చూశాను, నాది బ్లాక్ కదా. పెట్టెలు అమ్మే ఆవిడ పెట్టె ఫొటో పెట్టి ‘ఇంకా అయిదే మిగిలాయి, త్వరపడండి’ అని రాసింది. అదే పట్టీ, అదే ముడి.